బంగారము పాము: కట్లపాముల శాస్త్రనామ చరిత్ర

పాము అను మాట వినగానే మనకు భయము కలుగును. ఆ వెంటనే భక్తియు కలుగును. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసిన చేతులే, మరునాడు చూరులో పాము కనబడినచో కఱ్ఱకొరకు వెదకును. ఈ భయభక్తుల నడుమ పామును పరిశీలించి చూచుటకు మనకు తీరిక చిక్కుట అరుదు. కనబడినది ఏ పాము అని అడిగినచో నిదానించి సరియైన సమాధానము చెప్పగలవారు కొద్దిమందియే. కాని ఆ సమాధానముమీద ఒక్కొక్కప్పుడు మనుష్యుని ప్రాణమే ఆధారపడి ఉండును.

మన దేశములో మనుష్యుల ప్రాణములు తీయు పాములలో ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. 2020లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము, 2000 మొదలు 2019 వరకు గల 20 సంవత్సరములలో పాముకాటువలన మన దేశమున సుమారు 12 లక్షలమంది, అనగా సగటున ఏటికి 58 వేలమంది, మరణించిరి. ఈ మరణములు అధికముగా జరిగిన ప్రాంతములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు కూడ ఉన్నవి. పైన చెప్పిన నాలుగింటిలో కట్లపామునకు ఒక విశేషము కలదు. కట్లపాములన్నింటికిని కలిపి ప్రపంచమందలి శాస్త్రజ్ఞులు వాడు పేరు మన తెలుగుమాటనుండి పుట్టినది. ఆ పేరు "బంగారస్". ఇది మన బంగారమే. ఈ బంగారము లాటినుశాస్త్రములోనికి ఎట్లు ప్రవేశించినది, ఆ పేరు క్రింద ఏ యే పాములు చేరినవి, పేరు సరిగా పెట్టుటవలన మనకు ఒరుగునది ఏమి అను విషయములను శ్రోతలకు మనవి చేయుట ఈ ప్రసంగమున నా ఉద్దేశము.

ముందుగా శాస్త్రనామముల పద్ధతిని గురించి రెండు మాటలు చెప్పవలెను. శాస్త్రములో ప్రతి ప్రాణికిని రెండు పదముల పేరు ఉండును. మొదటి పదము ప్రజాతిని, రెండవ పదము జాతిని తెలుపును. ఇది తెలుగువారికి కొత్త కాదు. మనము ముందు ఇంటిపేరు చెప్పి, పిమ్మట సొంతపేరు చెప్పుదుము. ఒకే ఇంటిపేరు గలవారు ఒక వంశమువారైనట్లు, ఒకే ప్రజాతినామము గల ప్రాణులు దగ్గరి బంధువులని శాస్త్రజ్ఞులు భావింతురు. మన ఇండ్లచుట్టు తిరుగు కట్లపామునకు శాస్త్రనామము బంగారస్ సెరూలియస్. ఇందు బంగారస్ ఇంటిపేరు, సెరూలియస్ సొంతపేరు. సెరూలియస్ అనగా నీలవర్ణము గలది. నీలిఛాయతో మెరయు దాని నల్లని ఒంటిని బట్టి ఆ పేరు వచ్చినది.

ఈ రెండు పదముల పద్ధతిని స్థిరపరచినవాడు స్వీడను దేశస్థుడైన లిన్నేయస్. జంతువులకు సంబంధించినంతవరకు, 1758లో వెలువడిన ఆయన గ్రంథపు పదవ కూర్పే నామకరణమునకు ఆదిగా అంగీకరింపబడినది. పాములను విభజించుటకు లిన్నేయస్ ముఖ్యముగా పొట్టక్రిందను తోకక్రిందను ఉన్న పొలుసులను చూచెను. తోకక్రింది పొలుసులు జంటలుగా రెండు వరుసలలో ఉన్నచో ఆ పాము కొలూబర్; ఒకే వరుసలో వెడల్పుగా ఉన్నచో బోవా; తోక చివర గిలక ఉన్నచో క్రోటాలస్. లెక్క సులభముగనే ఉన్నది. కాని ఈ లెక్కలో విషమునకు చోటు లేదు. నాగుపాము కొలూబర్‌లలో చేరెను. ఏ హానియు చేయని పాములనేకము దానితో కూడ చేరెను. నేడు బంగారస్ కాండిడస్ అని పిలుచుచున్న ఆగ్నేయాసియా కట్లపామునుకూడ లిన్నేయస్ 1758లో కొలూబర్ అనియే వ్రాసెను. అనగా కట్లపాములలో మొట్టమొదట శాస్త్రనామము పొందినది కూడ తన ఇంటిపేరుతో పుట్టలేదు.

ఇట్లుండగా 1781లో విశాఖపట్టణమునకు ఒక స్కాట్లండు వైద్యుడు వచ్చెను. ఆయన పేరు పాట్రిక్ రసెల్. అంతకుముందు ఆయన సిరియా దేశమందలి అలెప్పో నగరములో చాలకాలము వైద్యము చేసి, మహామారిని గురించి క్షుణ్ణముగా పరిశోధించినవాడు. ఆయన తమ్ముడు క్లాడ్ రసెల్ ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున అధికారిగా ఉండుటచే, అతనితో కూడ పాట్రిక్ ఇచ్చటికి వచ్చెను. 1785లో కంపెనీవారు ఆయనను కర్ణాటక ప్రాంతమునకు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. ఆ ఉద్యోగములో మొక్కలను పరిశీలించుటయే ప్రధానకార్యము. ఐనను ఆయన దృష్టి పాములమీదికి పోయెను. పాము కరచినదని వచ్చినవానికి చికిత్స చేయవలసిన వైద్యునకు, అది విషపుపామో కాదో తెలియకున్నచో ఆ చికిత్సకు అర్థమేమి? మందు ఇచ్చిన పిమ్మట రోగి బ్రతికినచో, అది మందు గొప్పతనమా, పాములో విషము లేకపోవుటయా? ఈ సందేహమే రసెల్‌ను పాముల దగ్గరకు నడిపించెను.

ఆయన చేసిన పని ఈ కాలపువారికి కూడ ఆదర్శప్రాయముగా ఉండును. కోరమండలతీరమున పలుచోట్లనుండి పాములను తెప్పించి, ఒక్కొక్కదాని పొడవును కొలిచి, పొట్టక్రింది పొలుసులను తోకక్రింది పొలుసులను లెక్కించి, రంగులను వ్రాసికొని, బొమ్మలు వ్రాయించెను. విషమును కోళ్లమీదను కుక్కలమీదను పరీక్షించెను. ఆ కాలమున పాముకాటుకు పేరుపొందిన తంజావూరు మాత్రలను కూడ ఆయన పరీక్షింపక విడువలేదు. 1789లో ఆయన స్వదేశమునకు మరలెను; 1796లో ఆయన గ్రంథము మొదటి సంపుటము లండనులో వెలువడెను. రెండవ సంపుటము కొన్ని భాగములు ఆయన జీవితకాలములోను, మిగిలినవి 1805లో ఆయన మరణించిన పిమ్మటను ప్రకటింపబడినవి.

తెలుగువారమైన మనకు ఆ గ్రంథములో విశేషముగా తోచునది మరియొకటి కలదు. రసెల్ చాల పాములకు లాటిను పేర్లు పెట్టుటకు పూనుకొనలేదు. ఇచ్చటి జనులు ఏ పామును ఏ పేరుతో పిలిచిరో ఆ పేరునే తన చెవికి వినబడినట్లు ఆంగ్లలిపిలో వ్రాసి శీర్షికగా నిలిపెను. కాటుకరేకుల పొడ, పెద్దపొడ, చింతనాగు, జెఱ్ఱిపోతు, పసిరిక పాము మొదలైన మన పేర్లు ఆ పుటలలో వరుసగా కనబడును. కాటుకరేకుల పొడ అనగా మన రక్తపింజర. దాని ఒంటిమీది గొలుసువంటి నల్లమచ్చలను చూచి, ఎవరో పల్లెవాసి కాటుక దిద్దిన రేకులని అనుకొనియుండును. ఆ పామునకు తరువాత శాస్త్రజ్ఞులు రసెల్ పేరే పెట్టిరి. పేరు చెప్పిన పల్లెవాసి ఎవరో చరిత్రకు తెలియదు. ఆతని మాటమాత్రము గ్రంథమున నిలిచినది.

ఆ పుటలలోనే "బంగారం పామ" అను శీర్షిక కలదు. నలుపు, పసుపు పట్టీలు ఒకదాని తరువాత నొకటి సమానమైన వెడల్పుతో ఒంటినంతను చుట్టియుండు పెద్ద పాము అది. దాని వీపు నడుమ గట్టువలె లేచియుండును. కావున ఒంటిని అడ్డముగా చూచినచో ముక్కోణాకారము కనబడును. తోక చివర మొండిగా, కోసివేసినట్లుండును. ఇది ఇతర పాములను తిని బ్రతుకును. పసుపుపట్టీల మెరుపును బట్టి మనవారు దానిని బంగారమనిరి. బంగాళీలు శంఖిని అందురు. రసెల్‌కు ఈ పాము మన్సూరుకోటనుండి వచ్చెను. ఈ జాతికి ఆధారమైన తొలి నమూనా లభించిన స్థలముగా ఆ పేరే నేటికిని శాస్త్రగ్రంథములలో ఉన్నది. మన సామాన్యమైన కట్లపామును రసెల్ "గెడి పరగుడు" అను పేరుతో వర్ణించెను. దాని తొలి స్థలముగా శాస్త్రగ్రంథములలో నిలిచినది విశాఖపట్టణము.

రసెల్ పేర్లు పెట్టక విడిచిన పాములకు ఐరోపాలోని పండితులు పేర్లు పెట్టసాగిరి. వారిలో మొదటివాడు జర్మనుపండితుడు యోహాన్ గొట్లోబ్ ష్నైడర్. ఆయన గ్రీకుభాషలో ఉద్దండుడు, నిఘంటుకర్త. ఆయన 1801లో మన బంగారము పామునకు సూడోబోవా ఫాసియేటా అనియు, మన కట్లపామునకు సూడోబోవా సెరూలియా అనియు నామకరణము చేసెను. ఫాసియేటా అనగా పట్టీలు గలది. సూడోబోవా అనగా బోవా కాని బోవా. ఈ పాముల తోకక్రింది పొలుసులు బోవాలకువలె ఒకే వరుసలో ఉండును. కాని ఇవి బోవాలు కావు. అందుచే ఆ పేరు. మరుసటి సంవత్సరమున ఇంగ్లండులో జార్జి షా అను శాస్త్రజ్ఞుడు ఆ మాత్రపు భేదమును కూడ పాటింపక, మన కట్లపామును తిన్నగా బోవాయనియే పిలిచెను. ఇంటిలోని మనుష్యుని చడిలేక కాటువేసి చంపు పామును, కొండచిలువకు దగ్గరివైన విషములేని బోవాలతో ఒకే పంక్తిని కూర్చుండబెట్టుట అయ్యెను. ఒక్క లక్షణమునే పట్టుకొని వర్గీకరణము చేసినచో వచ్చు చిక్కు ఇట్టిది.

ఈ చిక్కును విడదీసినవాడు ఫ్రాన్సు దేశపు యువకుడు ఫ్రాన్స్వా మరీ దొదాఁ. చిన్నతనమున వచ్చిన వ్యాధివలన ఆయన కాళ్లు చచ్చుబడెను. కదలలేని ఆ మనుష్యుడు సరీసృపములమీద అనేక సంపుటముల గ్రంథమును వ్రాసెను. ఆయన భార్య ఆయన గ్రంథములకు చిత్రములు వ్రాసి తోడ్పడెను. దొదాఁ తోకక్రింది ఒంటివరుసతోనే తృప్తిపడలేదు. వెన్నుమీద నడిమివరుస పొలుసులు ఇతర పొలుసులకంటె పెద్దవిగా ఉండుట, నోటిలో విషపుకోరలుండుట మొదలైన లక్షణములను కలిపి చూచి, ఈ పాములు వేరొక ప్రజాతియని నిశ్చయించెను. దానికి పేరు వెదకుచు, రసెల్ గ్రంథములోని తెలుగుపేరునే గ్రహించి, లాటిను తొడుగు తొడిగి, 1803లో బంగారస్ అని ప్రకటించెను. క్షయరోగముచే ఆయన ఇంచుమించు ఆ కాలముననే, ముప్పది యేండ్లయినను నిండకుండ మరణించెను. మన దేశమును ఎన్నడును చూడని ఆ ఫ్రెంచివాడు పెట్టిన పేరు రెండువందల యేండ్లకు పైగా నిలిచియున్నది.

ఇచ్చట శ్రోతలకు ఒక సందేహము కలుగవచ్చును. ముందు పెట్టిన పేరే చెల్లవలెనను న్యాయము శాస్త్రములో ఉన్నదికదా. ష్నైడర్ పెట్టిన సూడోబోవా 1801 నాటిది, దొదాఁ పెట్టిన బంగారస్ 1803 నాటిది. మరి రెండవది ఎట్లు నిలిచెను? దీనికి సమాధానము ఆసక్తికరముగా ఉన్నది. ష్నైడర్ సూడోబోవా అను ఒకే కప్పు క్రింద మన దేశపు కట్లపాములను, దక్షిణ అమెరికాపాములను కూడ చేర్చెను. ఆ ఇల్లు పంచుకొనవలసివచ్చినప్పుడు పాత పేరు ఎవరికి చెందవలెను? ప్రజాతికి ఆధారముగా ఒక జాతిని నిర్ణయించి, ఆ జాతి ఎచ్చటికి పోయిన పేరును అచ్చటికి పోవలెనని నియమము. సూడోబోవాకు ఆధారజాతియైనది దక్షిణ అమెరికాపామగు కొరొనాటా. కావున పాత ఇంటిపేరు అమెరికాకు పోయెను. వేరుపడిన మన పాములకు, తరువాత పుట్టిన బంగారస్ అను పేరు దక్కెను.

కాని సొంతపేర్ల విషయములో ష్నైడర్ హక్కు చెక్కుచెదరలేదు. దొదాఁ బంగారము పామును ఉంగరములు గలది అను అర్థముతో యాన్యులారిస్ అనెను. దానికి రెండేండ్ల ముందే ష్నైడర్ పెట్టిన ఫాసియేటా ఉండుటచేత, ఆ పేరే చెల్లినది. ఐతే లాటినువ్యాకరణములో విశేషణమునకు విశేష్యముతో లింగము కలియవలెను. సూడోబోవా స్త్రీలింగము కాగా ఫాసియేటా అయ్యెను. బంగారస్ పుంలింగము కాగా ఫాసియేటస్ అయ్యెను. తెలుగులో మహద్వాచకము కాని మన బంగారము, లాటినులో మగవాడై కూర్చుండెను. ఇట్లు బంగారస్ ఫాసియేటస్ అను ఒక్క పేరులో తెలుగు పల్లెవాసి, స్కాట్లండు వైద్యుడు, జర్మను పండితుడు, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నలుగురును కలిసియున్నారు.

మరి ఈ ప్రజాతికి లక్షణములేవి? ఇవి నాగుపాము, పగడపు పాములు, ఆఫ్రికాలోని మాంబాలు, సముద్రపు పాములు చేరిన ఎలాపిడే అను కుటుంబమునకు చెందినవి. ఈ కుటుంబములో విషపుకోరలు పైదవడ ముందుభాగమున కదలక నిలిచియుండును, పింజరలకువలె మడతపడవు. కట్లపాములలో వెన్నెముకమీది పొలుసులు పెద్దవై ఆరు పలకలుగా ఉండును. తోకక్రింది పొలుసులు సామాన్యముగా ఒకే వరుస. కంటికిని ముక్కుకును నడుమ ఇతర పాములకనేకములకు ఉండు చిన్న పొలుసు వీనికి లేదు. క్రిందిపెదవిమీద నాలుగవ పొలుసు తక్కినవానికంటె పెద్దది. ఒక్కొక్క లక్షణము వేరొక పామునందును కనబడవచ్చును. ఇవన్నియు ఒకచోట కూడినచో అది కట్లపామని నిర్ణయింపవచ్చును.

ఐనను ప్రకృతి మన నియమములకు లోబడి నడువదు. 1839లో డెన్మార్కు వైద్యుడు థియొడోర్ కాంటర్ చిరపుంజీ కొండలనుండి వచ్చిన ఒక పామును చూచి, కట్లపామును పోలియున్నది కాని వేరని తలచి, ఎలాప్స్ బంగారాయిడిస్ అని పేరు పెట్టెను. బంగారాయిడిస్ అనగా బంగారస్‌వంటిది. దీని తోకక్రింది పొలుసులు కొన్ని జంటలుగా చీలియుండును. ఆ భేదమును పట్టుకొని 1864లో గుంథర్ అను శాస్త్రజ్ఞుడు దానిని వేరొక ప్రజాతిగా నిలిపెను. తక్కిన లక్షణములన్నియు కట్లపామువే యగుటచే, 1890లో బూలెంజర్ దానిని బంగారస్‌లోనే కలిపెను. ఫలితముగా దాని పేరు బంగారస్ బంగారాయిడిస్, అనగా కట్లపామువంటి కట్లపాము! ఆగ్నేయాసియాలో వేరొక జాతికి ఫ్లావిసెప్స్ అని పేరు; అనగా పచ్చని తలగలది. కాని బ్రతికియున్న పాము తల ఎఱ్ఱగా ఉండును. ఐనను పేరు మార్చరు. శాస్త్రనామము వర్ణన కాదు, గుర్తు మాత్రమే. నల్లనివానికి గౌరీపతియని పేరున్నంతమాత్రమున మార్చుకొమ్మని మనము అడుగము కదా.

నేడు ఈ ప్రజాతిలో పదునైదుకు పైగా జాతులు గుర్తింపబడినవి. ఇరాను మొదలు ఆగ్నేయాసియా దీవులవరకు ఇవి వ్యాపించియున్నవి. సింహళములో ఒకటి, అండమాను దీవులలో ఒకటి ప్రత్యేకముగా కలవు. పశ్చిమమున సింధు కట్లపాము మన కట్లపామును చాలవరకు పోలియుండును; నడిమిఒంటిమీద పొలుసుల వరుసలు లెక్కించినచో మనదానికి 15, దానికి సామాన్యముగా 17. ఈశాన్యమున ఒంటినిండ నలుపే గల జాతి ఒకటి కలదు. పొలుసుల లెక్క ఇట్లు పండితుల కాలక్షేపముగా తోచవచ్చును. అది కాలక్షేపము కాదని చెప్పుటకు ఒక విషాదగాథ కలదు.

అమెరికాలో కాలిఫోర్నియా సైన్సు అకాడమీకి చెందిన జోసెఫ్ స్లోవిన్‌స్కీ కట్లపాముల వర్గమున నిపుణుడు. 2001 సెప్టెంబరులో ఆయన బర్మా ఉత్తరపు కొండలలో పరిశోధకబృందముతో సంచరించుచుండెను. సహాయకుడు ఒక సంచిలో చిన్నపామును తెచ్చి, అది విషములేని జాతియని తనకు తోచినట్లు చెప్పెను. నలుపు తెలుపు పట్టీలు గల విషములేని పాములు ఆ కొండలలో ఉన్నవి. వానికిని కట్లపాము పిల్లలకును పోలిక కలదు. స్లోవిన్‌స్కీ సంచిలో చేయి పెట్టెను, పాము కరచెను. అది కట్లపాము. సమీపమున ఆసుపత్రి లేదు. శ్వాస ఆగిపోగా సహచరులు నోటితో ఊపిరి ఊదుచు గంటలతరబడి ఆయనను నిలిపిరి. వాతావరణము అనుకూలింపక హెలికాప్టరు రాలేకపోయెను. మరునాడు ఆయన మరణించెను. 2005లో వియత్నాములో కనుగొన్న ఒక కట్లపామునకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టి గౌరవించిరి. ఆయనను కరచిన పాము ఏ జాతిదో అప్పటికి నిశ్చయము కాలేదు. 2021లో చైనా శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షలతో పరిశీలించి, అది అంతవరకు పేరే లేని జాతియని తేల్చిరి. చైనావారి పురాణగాథలో మందులిచ్చి జనులను కాపాడిన శ్వేతసర్పదేవత పేరుమీద దానిని బంగారస్ సుఝేనే అనిరి.

ఇట్టి పొరపాటుకు మన ఇండ్లలోను అవకాశము కలదు. గోడపగుళ్లలో చేరి బల్లులను తిను లైకోడాన్ అను చిన్నపాము గోధుమరంగుమీద తెల్లని అడ్డుపట్టీలతో ఉండును. దానికి విషభయము లేదు. కట్లపాము నల్లగా మెరయుచుండును; తెల్లని సన్నగీతలు తరచు జంటజంటలుగా, మెడకు కొంతదూరమున మొదలగును. లైకోడాన్‌కు పట్టీలు తలవద్దనే ఆరంభమగును. వెన్నుమీద పెద్దపొలుసుల వరుస ఉండదు. ఐతే ఈ గుర్తులు పగటివెలుగులో, నిదానముగా, దూరమునుండి చూచుటకు మాత్రమే పనికివచ్చును. పామును చేతితో పట్టి లెక్కించుట ఎవరికిని తగదు. చచ్చిన పాము కోరలోను విషము ఉండునని మరువరాదు.

జాతినిర్ణయమునకు మందుతోను సంబంధము కలదు. మన దేశములో తయారగు విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకు విరుగుడుగా చేయబడుచున్నది. దీనిలో కట్లపాము అనగా బంగారస్ సెరూలియస్ మాత్రమే. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, సింధు కట్లపాము, బంగారము పాము మొదలైనవాని విషముమీద ఈ మందు తగినంతగా పనిచేయుట లేదని తేలినది. ఇంటిపేరు ఒకటే యైనను గుణములు వేరుగా ఉండును. ఏ జిల్లాలో ఏ జాతి ఉన్నదో శాస్త్రీయముగా గుర్తించినగాని ఆ జిల్లాకు సరియైన మందు తయారుకాదు. పేరు పెట్టుట మొదటిమెట్టు. మందు తరువాతి మెట్టు.

విషముకూడ విద్యకు ఉపకరించినది. 1963లో తైవానులో చాంగ్, లీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు అచ్చటి కట్లపాము విషమునుండి ఒక పదార్థమును వేరుచేసి దానికి బంగారోటాక్సిన్ అని పేరుపెట్టిరి. నరము పంపు ఆజ్ఞను కండరము అందుకొను చోటును ఇది గట్టిగా పట్టుకొని విడువదు. అందువలననే కట్లపాము కరచినవారికి కనురెప్పలు వాలి, తుదకు ఊపిరి ఆడు కండరములు చచ్చుబడును. కాని పట్టు విడువని ఆ గుణమునే సాధనముగా గ్రహించి, 1970లో ఫ్రాన్సులోని షాంజ్యూ, తైవానులోని లీ కలిసి ఆ అందుకొను చోటు ఎట్టిదో నిర్ధారించిరి. కండరములు త్వరగా అలసి సోలిపోవు మయస్థీనియా అను వ్యాధిలో ఆ చోట్లు తగ్గియుండునని 1973లో ఈ పదార్థముతోనే కనుగొనిరి. నేటికిని ప్రపంచములోని నాడీశాస్త్ర ప్రయోగశాలలలో తెలియకయే తెలుగు బంగారమును నిత్యము ఉచ్చరించుచున్నారు.

ఇక గృహస్థులు గుర్తుంచుకొనవలసిన విషయములు కొన్ని మనవి చేసెదను. కట్లపాము రాత్రి సంచరించును. వానకాలమున ఎక్కువగా కనబడును. నేలమీద నిద్రించువారిని పక్కలో కరచును. కాటు దోమకాటువలె స్వల్పముగా తోచవచ్చును. వాపు, నొప్పి అంతగా ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలుట, మాట తడబడుట, మింగుడుపడకపోవుట కనబడినచో, కాటు గుర్తు కనబడకున్నను అనుమానింపవలెను. కావున మంచముమీద పండుకొనుట, దోమతెర వేసి అంచులను పరుపుక్రింద దోపుట, రాత్రి బయటకు పోవునపుడు దీపము పట్టుకొనుట ముఖ్యము. కరచినచో గాయము కోయరాదు, నోటితో పీల్చరాదు, కట్టు బిగించి కట్టరాదు. రోగిని నడిపింపక, ధైర్యము చెప్పి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఈ విషము నరముల కొనలను చెడగొట్టిన పిమ్మట మందు దానిని బాగుచేయలేదు. యంత్రముతో ఊపిరి పోయుచు కొన్ని దినములు కాపాడవలసివచ్చును. ఆ సాయము సకాలమున అందినచో, చనిపోయినట్లే తోచినవారు కూడ లేచి కూర్చుందురు. మంత్రమునకు, వేరుమందునకు పోగొట్టిన గంట మరల రాదు.

పామును పట్టి చూపుటకు వెంటపడవలసిన పనియు లేదు. చూచినవారు రంగు, పట్టీలు, పడగ ఉన్నదా లేదా అను మూడు సంగతులు చెప్పినచో చాలును. లక్షణములను బట్టి వైద్యులు తక్కినది గ్రహింతురు.

రసెల్ ఈ తీరమున వ్రాసికొన్న పేర్లలో కొన్ని ఈనాడు మనకే తెలియకుండ పోయినవి. గెడి పరగుడు అనినచో ఏ పామో చెప్పగల తెలుగువారు ఎందరున్నారు? ఒక ఊరిలో ఒక పేరు, పక్క ఊరిలో వేరొక పేరు ఉండును; ఒకే పేరు రెండు పాములకును ఉండును. ఈ పేర్లను పెద్దలవద్ద విని, ఏ పేరు ఏ పామునకు చెందునో జిల్లాలవారీగా వ్రాసి ఉంచుట ఉపాధ్యాయులకు, విద్యార్థులకు తగిన పని. ఆసుపత్రిలో రోగి బంధువు చెప్పు పేరు వైద్యునకు అర్థము కావలెనన్నచో అట్టి పట్టిక అవసరము. విశాఖపట్టణములో ఒక పరదేశి వైద్యుడు మన మాటను శ్రద్ధతో విని వ్రాసికొనుటవలననే బంగారము శాస్త్రములో నిలిచినది. మిగిలిన మాటలను వ్రాసికొనవలసినవారము మనమే.